అమ్మ వస్తోందా? అయితే ఇది ముందు చదవండి



మన గ్రూపుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "డెలివరీకి అమ్మని పిలిపించుకుంటున్నా, వీసాకి ఏమేం కాగితాలు పెట్టాలి?" దానికి జవాబులు బోలెడు. ఒకరు బంగారం వాల్యుయేషన్ అంటారు, ఒకరు సీఏ సర్టిఫికెట్ అంటారు, ఇంకొకరు చిలుకూరు బాలాజీ గుడిలో ముందు 11 ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక 108 చేయమంటారు. ప్రదక్షిణల సంగతి మీ నమ్మకం. మిగతా సంగతి నాకు తగిలిన దెబ్బతో కలిపి చెప్తాను, వినండి.

ఇద్దరు అమ్మలు

మేం డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు మా పైఅంతస్తులో ఒక జపాన్ అమ్మాయి ఉండేది. ఇద్దరికీ ఒకే నెలలో డ్యూ డేట్. సాయంత్రం వాకింగ్‌లో కలిసేవాళ్లం. వాళ్లలో కూడా మనలాగే పురుటికి పుట్టింటికి వెళ్లే ఆచారం ఉంది, దాన్ని 'సతోగాయెరి' అంటారని ఆ అమ్మాయే చెప్పింది. వెళ్లడం కుదరదు కాబట్టి అమ్మలే రావాలి. ఇద్దరిదీ ఒకటే బెంగ.

వాళ్లమ్మ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపింది. అనుమతి వచ్చింది, టికెట్ కొనుక్కుని వచ్చేసింది. ఇంటర్వ్యూ లేదు, క్యూ లేదు. మా అమ్మకి మాత్రం ఆ నెలలోనే వీసా రాలేదు.

ఆ రోజు నాకు కోపం ఎవరిమీద రావాలో తెలియలేదు. మా అమ్మ ఏం తప్పు చేసిందని? తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, అది అమ్మ లెక్క కాదు, దేశం లెక్క. అమెరికాకి 'వీసా వెయివర్' అనే పద్ధతి ఉంది. అందులో జపాన్ 1988 డిసెంబర్‌లోనే చేరింది. 2009 జనవరి నుంచి వాళ్లు బయల్దేరే ముందు 'ఎస్టా' అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. 2025లో దాని ఫీజు 40 డాలర్లు అయింది, అనుమతి మామూలుగా రెండేళ్లు పనిచేస్తుంది. ఈ జాబితాలో చేరాలంటే ఆ దేశం వాళ్ల విజిటర్ వీసాల్లో తిరస్కరించినవి 3 శాతం లోపే ఉండాలి. ఇంకా చాలా షరతులున్నాయి. ఇండియా ఆ జాబితాలో లేదు.

అలాగని వాళ్లకి అన్నీ సుఖాలే అనుకోకండి. ఎస్టా మీద వచ్చినవాళ్లు 90 రోజులకి మించి ఉండకూడదు, పొడిగించుకునే దారి లేదు. బిడ్డకి మూడో నెల నిండకుండానే ఆ జపాన్ అమ్మమ్మ పెట్టె సర్దుకుంది. మన అమ్మలకి వీసా దొరకడం కష్టం, కానీ దొరికితే సాధారణంగా ఒక్కో రాకకి ఆరు నెలలు ఇస్తారు.

మొదటిసారి చేసిన తప్పు నాదే

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఉంటుంది. నాన్న పోయారు. పొలం అన్నయ్య పేరున, ఇల్లు నాయనమ్మ పేరున. అమ్మ పేరున ఏమీ లేదు. నాకు భయం వేసింది. ఎవరో చెప్పారని అమ్మకి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పట్టించాను. 'టూరిజం సర్, నయాగరా సర్, త్రీ వీక్స్ సర్' అని. డెలివరీ మాట ఎత్తితే వీసా ఇవ్వరని ఎవరో అన్నారు, అందుకని అది చెప్పొద్దన్నాను.

ఫారంలో ఏముంది? కూతురి దగ్గరికి, అయిదు నెలలు అని నేనే నింపాను! అమ్మ నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి. రెండు నిమిషాల్లో తెల్ల కాగితం చేతిలో పెట్టి పంపించారు.

బయటికొచ్చి ఫోన్‌లో అమ్మ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు చెప్పినట్టే చెప్పానే. ఎక్కడో తప్పు చేసుంటాను." తప్పు చేసింది నేను, సిగ్గుపడింది అమ్మ.

ఆ తెల్ల కాగితం మీద ఉండేది '214(బి)' అనే సెక్షన్. దాని సారాంశం ఇంతే: వీసా అడిగే ప్రతివాళ్లూ అమెరికాలో ఉండిపోవడానికే వస్తున్నారని చట్టం ముందే అనుకుంటుంది. కాదు, తిరిగి వెళ్తాను అని నమ్మించాల్సింది అడిగేవాళ్లే. కొడుకుల పేరున ఆస్తి రాసేసిన ఇంట్లో, ఏ కాగితం మీదా పేరు లేని ఆడమనిషికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి.

అయితే ఆ తిరస్కరణ శాశ్వతం కాదు, మళ్లీ అప్లై చేయొచ్చు. కాకపోతే ఫీజు మళ్లీ కట్టాలి. కొత్త ఫారంలో 'ఇంతకుముందు వీసా నిరాకరించారా' అన్నచోట అవును అనే రాయాలి. దాచారో, అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది.

రెండోసారి ఏం మారింది

ఆస్తి మారలేదు. అమ్మ పేరున రాత్రికి రాత్రి ఎకరం పుట్టుకురాదుగా. ఈసారి నేను నేర్పడం మానేసి అడిగాను. "అమ్మా, ఎందుకొస్తున్నావు? ఎప్పుడు తిరిగి వెళ్తావు? ఎందుకు వెళ్తావు?"

అమ్మ ఠక్కున చెప్పింది. "నీకు పురుడు పోయడానికొస్తాను. అయిదో నెల దాటితే ఉండను. మీ నాయనమ్మకి 86 ఏళ్లు, ఆమెని చూసేది నేనే. మీ మేనత్త వచ్చి అయిదు నెలలు ఉంటానంది, ఆ తర్వాత దానికీ ఇల్లుంది. పైగా డ్వాక్రా గ్రూపు లెక్కలు నా దగ్గరున్నాయి, పది మందికి జవాబు చెప్పాలి."

మా ఇంట్లో అమ్మ పేరున ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ పొదుపు పుస్తకం. అన్నేళ్లుగా మేమెవరం దాన్ని కాగితంగా లెక్కేయలేదు.

రెండోసారి అమ్మ అచ్చం ఇవే మాటలు తెలుగులోనే చెప్పింది. పుస్తకం బ్యాగులో ఉంది, చూపించమని అడగలేదు. వీసా వచ్చింది. ఇలా చెప్తే అందరికీ వస్తుందని నేననను. నిర్ణయం ఆ ఆఫీసర్‌ది. కానీ నిజం చెప్పే మనిషి తడబడదు, నేర్పిన మాట చెప్పే మనిషి తడబడుతుంది. అది మాత్రం కళ్లారా చూశాను.

పద్ధతి ఇదీ

2008కి ముందు మన పెద్దవాళ్లు అమెరికా వీసాకి మద్రాసు రైలెక్కేవాళ్లు. ఆ ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. పాత అడ్రస్ పట్టుకుని బేగంపేట వెళ్లకండి.

ముందు డీఎస్-160 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఏజెంటు నింపినా సరే, పంపే ముందు ప్రతి జవాబూ అమ్మకి తెలుగులో చదివి వినిపించండి. అందులో ఉన్నదానికి జవాబుదారీ అమ్మే. ఫీజు 185 డాలర్లు. 2025 జులైలో వచ్చిన చట్టంలో 250 డాలర్ల అదనపు ఫీజు కూడా రాశారు, కాబట్టి కట్టేరోజు ఎంతుందో అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. తర్వాత రెండు అపాయింట్‌మెంట్లు. వేలిముద్రలకి, ఫొటోకి ఒకటి, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ఒకటి. ఇంతకుముందు 79 ఏళ్లు దాటిన పెద్దలకి ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది, 2025 సెప్టెంబర్ నుంచి అది తీసేశారు.

ఇంటర్వ్యూ లోపలికి మీ అన్నయ్య వెళ్లలేడు, ఫోనూ వెళ్లదు. అమ్మ ఒక్కతే. కళ్లజోడు, బీపీ మాత్ర వేసుకున్నామా లేదా, బయట ఎవరు ఎక్కడ నిలబడి ఉంటారు, ఇవన్నీ ముందే మాట్లాడుకోండి.

ఒక్క సలహా గట్టిగా చెప్తాను. నెల తప్పాక పరిగెత్తకండి. అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టొచ్చు. మనవాళ్లకి ఈ వీసా సాధారణంగా పదేళ్లకి ఇస్తారు, కాబట్టి తొందర లేనప్పుడే తీసి ఉంచుకోండి.

విమానం దిగాక ఇంకో గడప

వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని లేదు. గడప దగ్గర ఇంకో ఆఫీసర్ ఉంటారు. అబుదాబి మీదుగా వస్తే ఆ గడప అబుదాబిలోనే, 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తున్నారు. మీరు డల్లాస్‌లోనో న్యూయార్క్‌లోనో ఎదురుచూస్తుంటారు, అమ్మ అక్కడ ఒంటరిగా జవాబు చెప్తుంటుంది. వీల్‌చెయిర్ సాయం టికెట్‌తోనే అడిగి పెట్టండి. తిరుగు టికెట్, మీ అడ్రస్, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి చేతి బ్యాగులో పెట్టించండి.

'బేబీ సిట్టింగ్' అన్న మాట గురించి మన గ్రూపుల్లో పెద్ద భయం ఉంది. ఆ దేశంలో అది జీతం తీసుకుని చేసే పని పేరు. విజిటర్ వీసా మీద ఏ పనీ చేయకూడదు. అమ్మ వచ్చేది కూతుర్ని చూడ్డానికి, మనవడినో మనవరాలినో ఎత్తుకోడానికి. అదే మాట తెలుగులో చెప్పమనండి, దుబాసీని అడగమనండి. అయితే మనమూ ఒకటి ఒప్పుకోవాలి. అమ్మ రాకని డే కేర్ ఖర్చు మిగిలే దారిగా లెక్కేసుకుంటే, ఆ ప్రశ్నకి అమ్మ దగ్గర మంచి జవాబు ఉండదు.

తిండి సామాన్ల సంగతి. తాజా పండ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు, కరివేపాకు, బియ్యం వద్దు. మా అమ్మ బయల్దేరే ముందు రోజు రాత్రి కరివేపాకు కట్ట తీయనని ఒకటే గొడవ. ఆ ఆకు మీద వచ్చే పురుగు నిమ్మ, నారింజ తోటల్ని తినేస్తుందట అన్నాక తీసింది. రైతు ఇంటి మనిషి కదా! ఏది తెచ్చినా 'తిండి ఉంది' అని చెప్పేయాలి. చెప్పి చూపిస్తే మహా అయితే పారేస్తారు. దాస్తే జరిమానా, అది 10,000 డాలర్ల దాకా ఉండొచ్చు.

తేదీ మర్చిపోకండి

వీసా పదేళ్లుంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 రికార్డు. అమ్మ ఇంటికొచ్చిన రోజే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది తీసి, తేదీ ఫ్రిజ్ మీద అంటించండి. తప్పనిసరై పొడిగించాలంటే ఆ తేదీకి ముందే ఐ-539 వేయాలి, కనీసం 45 రోజుల ముందు వేయమంటారు. ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. కారణం నిజమైనదై ఉండాలి.

తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది ఉండి వెళ్తే పదేళ్లు మళ్లీ రావడానికి లేదు. అంటే రెండో మనవరాలి పురుడు, చిన్న కొడుకు గృహప్రవేశం అన్నీ పోయినట్టే. ఇక్కడ విజిటర్లకి ప్రభుత్వ వైద్యం ఉండదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కించకండి.

మా అమ్మ అయిదో నెల నిండకుండానే వెళ్లిపోయింది. ఇంకో నెల గడువుంది, ఉండమ్మా అని ఏడ్చాను. "వెళ్తానని చెప్పొచ్చానుగా" అంది. అంతే.

ఈ రాత్రికి ఊరికి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మనో అత్తయ్యనో అడగండి, ఎందుకొస్తావు, ఎందుకు తిరిగి వెళ్తావు అని. జవాబు నేర్పకండి, వినండి. ఆవిడ దగ్గర మీరు ఎప్పుడూ లెక్కేయని పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది.