టిక్కెట్టు లేనివాడెల్ల దొంగయా?

రైలులో చార్జీ ఎగవేయువారిని వెనుకవేసికొని వచ్చుటకు మేమీ కలము పట్టలేదు. ఎగవేతదారుడు చెల్లించిన తోటి ప్రయాణికుని జేబునకే చిల్లు పెట్టుచున్నాడు. అయినను దొంగకును, మరచినవానికిని భేదము గలదని చట్టమే చెప్పుచుండగా, ఆ భేదము ప్లాటుఫారముమీద చెరిగిపోవుట మాకు సమ్మతము కాదు.

1989 నాటి రైల్వే చట్టమున 137వ సెక్షను మోసము చేయు తలంపుతో ప్రయాణించువానికై యేర్పడినది. ఆరు మాసముల వరకు ఖైదు గాని, వేయి రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రత్యేక కారణములు తీర్పులో వ్రాసిననే తప్ప శిక్ష 500 రూపాయల జుల్మానాకు తగ్గరాదు. 138వ సెక్షనునకు తలంపుతో పని లేదు. టిక్కెట్టు లేకున్నను, అడిగినపుడు చూపలేకున్నను, చార్జీయు, దానిపై ఆ చార్జీకి సమానమైన మొత్తమో 250 రూపాయలో ఏది యెక్కువైన నదియు చెల్లింపవలెను. మొదటిది నేరము, రెండవది వసూలు. 1890లో ఆంగ్లప్రభుత్వము చేసిన చట్టమునను 112, 113 సెక్షనులు ఈ రెండు పనులకే యుండెను. దొరలు పోయిరి, అంకెలు మారెను. తాను ఏ సెక్షను క్రింద పట్టుబడెనో సామాన్యునకు తెలియజెప్పువారు మాత్రము నేటికిని అరుదు.

ఒక తాపీపనివాడు సీజను టిక్కెట్టును విడిచిన చొక్కాలో మరచి, లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. బండి యెక్కి సికిందరాబాదులో పట్టుబడెననుకొందము. ఆ నెల చార్జీ ఆతడు ముందే చెల్లించియున్నాడు. చూపలేకపోయెను గనుక 138వ సెక్షను ఆతనిని తాకును. మోసపు తలంపు లేదు గనుక 137వది తాకరాదు. కాని చేత పైకము లేక కోర్టున నిలిచినపుడు, "ఒప్పుకొందువా?" యన్న ప్రశ్నకు "చిత్తము" అనును. కాదన్నచో వాయిదా పడును. వాయిదాకు ఒకనాటి కూలి, వకీలునకు మరికొంత. ఒప్పుకొన్నచో ప్రొద్దుగుంకులోపల ఇల్లు చేరును. లెక్క చూచుకొన్న ఆతడు తెలివిగలవాడే. ఆ తెలివికి వెలగా మోసగాడను ముద్ర ఆతని పేరిట నిలిచిపోవుచున్నది.

పైకము చెల్లింపక వాదించుటకు చట్టము త్రోవ మూయలేదు. చెల్లింపనివానిపై అధికారము పొందిన ఉద్యోగి మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ సొమ్ము నిజముగా రావలసినదని మేజిస్ట్రేటునకు తృప్తి కలిగిన పిమ్మటనే వసూలునకు ఉత్తర్వు. తృప్తి యనగా ఇరుపక్షములను వినుట యని మా యభిప్రాయము. ఇందు ముప్పు లేకపోలేదు: ఉత్తర్వైన పిదపను చెల్లింపనివానికి పది దినములనుండి నెల వరకు ఖైదు విధింపవచ్చును. ఎక్కడ నెక్కెనో సందేహము కలిగినచో, బండి బయలుదేరిన స్టేషనునుండి గాని, నడుమ తనిఖీ జరిగియున్న అచ్చటినుండి గాని చార్జీ కట్టుదురు. కావున ఎక్కిన చోటునకు సాక్ష్యము దాచుకొనుట ప్రయాణికునకే మేలు. ఎక్కుటకు ముందే రైల్వే ఉద్యోగి యనుమతి పొంది పత్రము పుచ్చుకొన్నవానికి అదనపు రుసుము లేదు. ఈ సంగతి ఎందరికి తెలియును? పురుషుని తోడు లేని స్త్రీని గాని బాలుని గాని నడిదారి స్టేషనులో, రాత్రివేళ దింపరాదనియు 139వ సెక్షను శాసించుచున్నది.

మేము కోరునది అత్యల్పము. రశీదుమీద సెక్షను సంఖ్యను తెలుగున వ్రాయవలెను. ప్రయాణికుడు చెప్పిన కారణమును ఒక పంక్తిలో దానిపైననే ఎక్కింపవలెను. సీజను టిక్కెట్టు గలవాడు మరునాడు దానిని తెచ్చి చూపినచో అదనపు రుసుము తిరిగి యిచ్చునట్లు నిబంధన చేయవలెను. తనిఖీదారుల కష్టము మాకు తెలియనిది కాదు. క్రిక్కిరిసిన పెట్టెలో వారు తగవులు తీర్చుచు కూర్చుండలేరు. అందువలననే ఆ ఒక్క పంక్తి వ్రాయింపుమనుచున్నాము: తగవును తీర్చు పని మేజిస్ట్రేటునకు విడిచిపెట్టవచ్చును.