డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మ్యాజిక్ కళ్ళజోళ్ళు: ఎవరూ పట్టించుకోని 4 గాడ్జెట్లు, వాటితో చేయగల వింత పనులు

మనం ఇక్కడ ఎప్పుడూ కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ అంటూ స్పెక్స్ చూస్తుంటాం. ఈసారి ఏ షాపులోనూ దొరకని గాడ్జెట్ల గురించి రాస్తున్నాను. ఒకటి నైట్ విజన్, ఒకటి టెలిఫోటో, ఒకటి మాక్రో, ఇంకోటి ఎదుటివాళ్ళ మనసు మార్చేది. నాలుగూ కళ్ళకి పెట్టుకునేవే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన టేబుల్‌టాప్ గేమ్. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎంగా కథ నడిపిస్తారు. మిగతావాళ్ళు తలా ఒక క్యారెక్టర్ ఆడతారు. ఏదైనా కష్టమైన పని చేయాలంటే 20 ముఖాల డైస్ వేయాలి. నేను కింద చెప్పే రూల్స్ అన్నీ 2014లో వచ్చిన 5వ ఎడిషన్‌వి.

మ్యాజిక్ ఐటమ్ ఏం కావాలి అని అడిగితే కొత్తవాళ్ళలో చాలామంది కత్తి అంటారు. కళ్ళజోడు ఎవరూ అడగరు, ఎందుకంటే అది డ్యామేజ్ పెంచదు. కానీ ఒక్క సెషన్ మూడు నాలుగు గంటలు నడుస్తుంది. అందులో కొట్లాట లేని టైమంతా మీ క్యారెక్టర్‌కి ఏం పని ఉందన్నదే అసలు ప్రశ్న. పని లేకపోతే టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్ చూసుకోవడమే!

1. గాగుల్స్ ఆఫ్ నైట్ (నైట్ విజన్)

స్పెక్: చీకట్లో 60 అడుగుల దాకా కనిపిస్తుంది. మీకు ముందే డార్క్‌విజన్ ఉంటే ఇంకో 60 అడుగులు కలుస్తాయి.

అందరూ దీన్ని మనిషి క్యారెక్టర్‌కి ఇచ్చేస్తారు. నేనైతే విల్లు పట్టిన ఎల్ఫ్‌కి ఇవ్వమంటాను. ఎల్ఫ్‌కి మామూలుగా 60, దీంతో 120 అడుగులు. గాబ్లిన్‌లకి ఉండేది 60 మాత్రమే. అంటే పూర్తి చీకట్లో 100 అడుగుల దూరంలో నిలబడితే మీకు వాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకి మీరు కనపడరు. లాంగ్‌బో మామూలు రేంజ్ 150 అడుగులు కాబట్టి దూరం సమస్య కాదు. కనపడని చోటు నుంచి కొడుతున్నారు కాబట్టి మీకు అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు. కాకపోతే మీ పక్కన ఎవరూ కాగడా వెలిగించకూడదు. వెలిగిస్తే ఈ ఆటంతా పోయినట్టే.

ఒక లిమిట్ గుర్తుపెట్టుకోండి. చీకట్లో ఇది చూపించేది బ్లాక్ అండ్ వైటే. ఎర్ర మీట లాగాలా, ఆకుపచ్చ మీట లాగాలా అని డీఎం పజిల్ పెడితే గాగుల్స్ ఉన్నా దీపం వెలిగించాల్సిందే.

2. ఐస్ ఆఫ్ ది ఈగిల్ (టెలిఫోటో)

స్పెక్: చూపుతో చేసే పర్సెప్షన్ చెక్‌లకి అడ్వాంటేజ్. వాతావరణం బాగుంటే ఎంతో దూరంలో ఉన్నవాటిలో కూడా 2 అడుగుల సైజు దాకా వివరాలు తెలుస్తాయి.

ఆ 2 అడుగుల మాట దగ్గరే చాలామంది నిరాశపడతారు, దూరంగా ఉన్న ఉత్తరం చదవలేం అని. చదవలేకపోతే అక్షరాలే పెద్దవి చేయండి! మీ మనిషి శత్రువు కోట దగ్గర కొండమీద నిలబడి పెద్ద పలకలు ఎత్తి చూపిస్తే, మైళ్ళ దూరంలో ఉన్న మీకు మెసేజ్ వచ్చేసినట్టే. 1794లో ఫ్రాన్స్‌లో క్లాడ్ షాప్ ఇలాగే స్తంభాల మీద చెక్క చేతులు తిప్పి, టెలిస్కోప్‌లతో చూసి పారిస్, లిల్ నగరాల మధ్య వార్తలు పంపే లైన్ నడిపాడు. పంపేవాడికి మ్యాజిక్ అక్కర్లేదు, చదివేవాడికి ఉంటే చాలు. జవాబు కూడా కావాలంటే రెండో జత కొనాలి.

3. ఐస్ ఆఫ్ మైన్యూట్ సీయింగ్ (మాక్రో)

స్పెక్: 1 అడుగు లోపల ఉన్నవి చాలా స్పష్టంగా కనిపిస్తాయి. ఆ దూరంలో వెతికేటప్పుడు ఇన్వెస్టిగేషన్ చెక్‌కి అడ్వాంటేజ్.

ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని ఎంత ఎగతాళి చేస్తామో, దీన్నీ అంతే. కానీ మా గ్రూప్‌లో ఒక కొత్త ప్లేయర్ దీంతోనే కథ మలుపు తిప్పాడు. రాజుగారి ఉత్తరం మీద లక్క ముద్రని పాత ఉత్తరం ముద్రతో పక్కపక్కన పెట్టి చూశాడు. డైస్ బాగా పడింది. ముద్ర అంచున సన్నని గీత తేడా ఉంది, అంటే ఉత్తరం నకిలీ. మేమంతా యుద్ధానికి బయలుదేరుతున్నవాళ్ళం ఆగిపోయాం. అప్పటిదాకా ప్రతి సెషన్‌లో నోరు విప్పని ప్లేయర్ అతను!

ఇంకో ఐడియా: బియ్యపు గింజ మీద పేర్లు రాసే కళాకారులు మన దగ్గర ఉన్నారు కదా, అలాంటివాడితో మ్యాప్ గీయించి బియ్యం మూటలో కలిపి పంపండి. కాపలావాళ్ళు మూటంతా వెతికినా దొరకదు. ఒక్క జాగ్రత్త: తాళంలో విషపు సూది ఉందేమో అని చూడాలంటే మొహం అడుగు దూరంలో పెట్టాలి. సూది ఉంటే తగిలేది అక్కడే.

4. ఐస్ ఆఫ్ చార్మింగ్

స్పెక్: 3 చార్జ్‌లు. ఒక్కో చార్జ్‌తో 30 అడుగుల లోపు ఉన్న మనిషి మీద చార్మ్ పర్సన్ మంత్రం. ఇద్దరూ ఒకరికొకరు కనిపించాలి. ఎదుటివాడు సేవ్‌లో 13 తెచ్చుకుంటే తప్పించుకుంటాడు.

చార్జ్‌లు తెల్లవారగానే ఫుల్ అవుతాయి. రాత్రి 12కి డేటా రీసెట్ అయినట్టే. కాబట్టి తెల్లవారడానికి కాస్త ముందు మూడు, తర్వాత మూడు, వెంటవెంటనే ఆరుసార్లు వాడొచ్చు. ఐటమ్ నుంచి వచ్చే మంత్రానికి మాటలు, చేతుల కదలికలు అక్కర్లేదు కాబట్టి చేతులు కట్టేసి నోట్లో గుడ్డ కుక్కినా జైలు కాపలావాడి మీద పనిచేస్తుంది. కానీ గంట తర్వాత మంత్రం దిగిపోగానే మీరేం చేశారో వాడికి తెలిసిపోతుంది. ఆ గంటలోనే ఊరు దాటాలి.

మరి మెడూసా ఎదురైతే?

గాగుల్స్ పెట్టుకుంటే రాయిగా మారకుండా ఉంటామా అని చాలామంది అడుగుతారు. ఉండరు, పైగా అవే ప్రమాదం. మెడూసా చూపు పనిచేయాలంటే ఆమె కళ్ళు మీకు కనిపించాలి. పూర్తి చీకట్లో గాగుల్స్ తీసేసిన మనిషికి ఏమీ కనపడదు కాబట్టి ఆ చూపు తగలదు. బదులుగా గుడ్డిగా కొట్లాడాలి, ప్రతి దెబ్బా డిస్అడ్వాంటేజ్‌తోనే. అద్దం చూపించి ఆమెనే రాయిగా మార్చాలంటే బాగా వెలుతురు కావాలి. చీకటి, వెలుతురు, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

ఏది తీసుకోవాలి?

గాగుల్స్, మైన్యూట్ సీయింగ్‌లకి అట్యూన్‌మెంట్ అక్కర్లేదు. ఈగిల్, చార్మింగ్‌లకి కావాలి. ఒక్కో క్యారెక్టర్‌కి ఉన్నవి మూడే అట్యూన్‌మెంట్ స్లాట్లు కాబట్టి సిమ్ స్లాట్ లాగా ఆలోచించి వాడండి. కొట్లాటే ఎక్కువుంటే గాగుల్స్, మిస్టరీ కథ అయితే మైన్యూట్ సీయింగ్ నా చాయిస్.

ఈ నాలుగు ఐటమ్స్ రూల్స్ 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఉన్న ఎస్ఆర్‌డీ 5.1 పీడీఎఫ్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ముందు అవి చదవండి. పలకల ట్రిక్, బియ్యపు గింజ మ్యాప్ లాంటివి రూల్ బుక్‌లో ఉండవు కాబట్టి ఆట మొదలయ్యే ముందే మీ డీఎంని ఒక మాట అడిగేయండి. సరే అన్నారంటే ఇక మీదే ఆలస్యం.