ఆబ్జెక్టు తన రూపం తానే చూపిస్తే: స్మాల్‌టాక్ ఇన్‌స్పెక్టర్ల పనితీరు

1072693248. కంప్యూటర్ మెమరీలో కనిపించిన ఈ సంఖ్య ఏమిటో చెప్పడం ఎవరికైనా కష్టమే. నిజానికి ఇది ఎరుపు రంగు. ఫారో అనే స్మాల్‌టాక్ వ్యవస్థ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లకు ఒక్కోదానికి 10 బిట్ల చొప్పున కేటాయించి, మూడింటినీ కలిపి ఒకే పూర్ణసంఖ్యగా దాస్తుంది. కంప్యూటర్‌కు ఇది అనుకూలమే. తెరపై రంగు ఎందుకు తప్పుగా వస్తోందో వెతికే ప్రోగ్రామర్‌కు మాత్రం ఈ సంఖ్య దాదాపు ఏమీ చెప్పదు.

స్మాల్‌టాక్ 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు దీని రూపకర్తలు. ఇందులో సంఖ్య, రంగు, విండో అన్నీ ఆబ్జెక్టులే. అంటే తమ సమాచారాన్నీ, తాము చేయగల పనులనూ తమలోనే ఉంచుకున్న అంశాలు. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆబ్జెక్టును తెరిచి చూపే పరికరం ఇన్‌స్పెక్టర్. ఏ క్లాస్‌లో ఏ కోడ్ ఉందో చూపేది బ్రౌజర్. వెబ్ బ్రౌజర్లు రాకముందే స్మాల్‌టాక్‌లో ఈ పేరు వాడుకలో ఉంది.

సాధారణ ఇన్‌స్పెక్టర్ ప్రతి ఆబ్జెక్టునూ ఒకే తీరున చూపుతుంది: ఒకవైపు చరరాశుల పేర్లు, మరోవైపు వాటి విలువలు. ఎక్స్‌రే ఫిల్మ్‌కు బదులు, అందులోని ఒక్కో చుక్క ఎంత నల్లగా ఉందో అంకెల పట్టిక రాసి వైద్యుడికి ఇచ్చినట్టు ఉంటుందిది. సమాచారం మొత్తం ఉంటుంది, విరిగిన ఎముక మాత్రం కనిపించదు.

దీనికి పరిష్కారం, ఎలా కనిపించాలో ఆబ్జెక్టునే చెప్పనివ్వడం. ప్రోగ్రామర్ రంగు క్లాస్‌లో కొన్ని వరుసల మెథడ్ ఒకటి రాసి, దానికి ప్రాగ్మా అనే గుర్తు తగిలిస్తారు. ట్యాబ్ పేరు, వరుసలో దాని స్థానం అందులో ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ ఏదైనా ఆబ్జెక్టును తెరిచినప్పుడు దాని క్లాస్‌లోనూ, పై క్లాస్‌లలోనూ ఇలాంటి గుర్తున్న మెథడ్ల కోసం వెతుకుతుంది. దొరికిన ఒక్కోదానికి ఒక్కో ట్యాబ్ తెరుస్తుంది. ఇప్పుడు రంగు ఒక ఎర్రని చతురస్రంగా, ఫోల్డర్ ఫైళ్ల జాబితాగా, చిత్రం చిత్రంగానే కనిపిస్తాయి. ఇన్‌స్పెక్టర్ కూడా స్మాల్‌టాక్‌లోనే రాసినది కాబట్టి ఈ మార్పు కోసం వ్యవస్థను ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.

జాబితాలోని ఫైలుపై క్లిక్ చేస్తే దాని ఇన్‌స్పెక్టర్ పక్కనే తెరుచుకుంటుంది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేరుతూ పోతే, ఆ పనికే ప్రత్యేకించిన బ్రౌజర్ తయారైనట్టే. ఫారోపై నిర్మించిన గ్లామరస్ టూల్‌కిట్ ఈ ఆలోచననే కేంద్రంగా చేసుకుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఎరుపు పాలు 1023 బదులు 1022 అయితే మెమరీలోని సంఖ్య 1071644672 అవుతుంది. రెండు చతురస్రాలూ కంటికి ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్ మాత్రం ఆ రంగులు సమానం కావంటుంది. అక్కడ తప్పును పట్టించేది ఆ అర్థంకాని సంఖ్యే. ప్రతి ప్రత్యేక దృశ్యం, దాన్ని రాసినవారు ముఖ్యమనుకున్నదాన్నే చూపుతుంది. అందుకే మంచి ఇన్‌స్పెక్టర్‌లో కొత్త ట్యాబ్ పక్కనే పాత పట్టిక కూడా ఉంటుంది.