ముప్ఫై నలుగురు, రెండు ముఠాలు, ఒక మాత్రిక

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో కరాటే క్లబ్బు ఒకటుండేది. 1970 నుంచి 1972 దాకా వేన్ జాకరీ అనే పరిశోధకుడు దాన్ని దగ్గరుండి గమనించాడు. పాఠాల ఫీజు పెంచాలని శిక్షకుడు, వీల్లేదని క్లబ్బు అధ్యక్షుడు. పేచీ ముదిరి చివరికి శిక్షకుణ్ణి తొలగించారు. ఆయన మనుషులు ఆయన వెంట పోయి వేరు కుంపటి పెట్టుకున్నారు. సంఘాలూ ఎన్నికలూ ఎరిగిన మనకు ఇంతవరకు ఇందులో వింతేమీ లేదు.

వింతల్లా ఆ తరువాతిది. క్లబ్బు బయట కూడా కలిసి తిరిగే 34 మందిని తీసుకుని ఎవరికెవరితో స్నేహమో రాస్తే 78 జంటలు తేలాయి. మరి ఎవరిది ఏ పక్షమో అడక్కుండా, ఈ స్నేహాల పట్టీ ఒక్కటే చూసి, చీలిక ఎక్కడ వస్తుందో చెప్పగలమా?

మనుషుల్ని చుక్కలుగా, స్నేహాల్ని గీతలుగా గీస్తే వచ్చే బొమ్మను గణితంలో గ్రాఫు అంటారు. వీలైనంత తక్కువ గీతలు తెగేటట్టు దాన్ని రెండు ముక్కలు చెయ్యాలి. వినడానికి తేలికే. కానీ ఒకే ఒక్క స్నేహితుడున్నవాణ్ణి విడదీస్తే తెగేది ఒకే గీత! వాడొక ముక్క, మిగతా 33 మంది ఒక ముక్క. అది చీలిక అనిపించుకోదు గదా. పోనీ, సరిసమానంగా 17, 17 చేద్దామంటే అలా విడదీసే విధాలు 116 కోట్లకు పైమాటే. చుక్కలు వేలల్లో ఉంటే ఏ కంప్యూటరూ అన్నిటినీ ఒక్కొక్కటిగా చూడలేదు. విద్యుత్ వలయాల్ని వేర్వేరు బోర్డుల మీద పంచేటప్పుడు ఇదే చిక్కు వచ్చింది. దానికోసం కెర్నిఘన్, లిన్ అనే ఇద్దరు 1970లో ఒక పద్ధతి ప్రకటించారు. ముందు ఏదో ఒక రకంగా విడదీసి, అటువాణ్ణి ఇటూ ఇటువాణ్ణి అటూ మారుస్తూ బాగుచేసుకుంటూ పోవడమే అది. మంచిదే గాని, మొదలు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఇంకో దారి ఉంది. ఒక్కొక్కరికీ ఒక అంకె ఇద్దాం. స్నేహితులైన ఇద్దరి అంకెలూ దగ్గరగా ఉండాలి. అంటే ప్రతి గీతకీ రెండు కొసల తేడా కట్టి, వర్గం చేసి, అన్నీ కూడితే వచ్చే మొత్తం వీలైనంత చిన్నది కావాలి. “అందరికీ ఒకే అంకె ఇస్తే పోలా?” అని మీరనవచ్చు. అలా తప్పించుకోకుండా రెండు షరతులు: అంకెలన్నీ కూడితే సున్న రావాలి, వాటి వర్గాల మొత్తం 1 కావాలి. ఇప్పుడిక కొందరికి ధనాంకెలు, కొందరికి ఋణాంకెలు రాక తప్పదు. గట్టిగా అల్లుకున్న గుంపు ఒక వైపే ఉండిపోతుంది. గీతలు పలచగా ఉన్నచోట గుర్తు మారుతుంది. చీలిక అక్కడే.

ఆ అంకెలు కట్టడానికి లాప్లాసియన్ అనే మాత్రిక ఉంది. ప్రతి మనిషికీ ఒక అడ్డవరుస, ఒక నిలువువరుస. వికర్ణం మీద అతని స్నేహితుల సంఖ్య, స్నేహం ఉన్నచోట -1, లేనిచోట సున్న. దీని లాక్షణిక మూలాల్లో అన్నిటికన్నా చిన్నది ఎప్పుడూ సున్నే. అది అందరికీ ఒకే అంకె ఇచ్చే మూలం, మనకు పనికిరాదు. దాని పైది, అంటే రెండో చిన్న మూలానికి చెందిన సదిశలోనే మనకు కావలసిన అంకెలు ఉంటాయి. ఆ మూలం పెద్దదైనకొద్దీ గ్రాఫును చీల్చడం కష్టం. సున్న అయితే గ్రాఫు ముందే విడిపోయి ఉందన్నమాట. దీని గుణాలను చెకోస్లొవేకియా గణితవేత్త మిరొస్లావ్ ఫీడ్లర్ 1973లో వివరంగా చూపాడు. అందుకే దాన్ని ఫీడ్లర్ సదిశ అంటారు. లాక్షణిక మూలాల సముదాయానికి వర్ణపటమని పేరు కాబట్టి ఇది వర్ణపట పద్ధతి అయింది.

నమ్మకం కుదరకపోతే కాగితం తీసుకోండి. మూడేసి చుక్కలతో రెండు త్రిభుజాలు గీసి, దీని ఒక మూలనూ దాని ఒక మూలనూ ఒక గీతతో కలపండి. రెండు వైపులా బొమ్మ ఒకటే కాబట్టి అంకెలు a, a, b, -b, -a, -a అనుకుందాం. లాక్షణిక మూలం m అయితే, చివరి చుక్క దగ్గర a - b = ma. వంతెన చుక్క దగ్గర 4b - 2a = mb. మొదటిదాంట్లోంచి b = (1 - m)a. దాన్ని రెండోదాంట్లో పెడితే m² - 5m + 2 = 0. చిన్న మూలం సుమారు 0.44. a ను 1 అనుకుంటే b సుమారు 0.56. ధనాంకెలన్నీ ఒక త్రిభుజంలో, ఋణాంకెలన్నీ రెండోదాంట్లో! పైగా వంతెన దగ్గరివాళ్ళ అంకెలు సున్నకి దగ్గరగా వచ్చాయి. ఎవరు మధ్యలో ఉన్నారో కూడా లెక్కే చెప్పింది.

ఇప్పుడు కరాటే క్లబ్బుకి వద్దాం. రెండో మూలం సుమారు 0.47. శిక్షకుడి అంకె -0.11, అధ్యక్షుడిది +0.12. గుర్తును బట్టి విడదీస్తే 34 మందిలో 32 మంది నిజంగా వెళ్ళిన చోటే పడతారు. ఇద్దరు నాయకులు ఎవరన్నది కూడా లెక్కకు చెప్పలేదు సుమా! తప్పిన ఇద్దరూ 3వ, 9వ సభ్యులు. వాళ్ళ అంకెలు 0.02, 0.05. అంటే అధ్యక్షుడి వైపు బొటాబొటిగా పడ్డారు. వెళ్ళింది మాత్రం శిక్షకుడి వెంట.

జాకరీ తన 1977 వ్యాసంలో వేరే దారి పట్టాడు. నాయకులిద్దర్నీ రెండు కొసలుగా పెట్టి, స్నేహాల బలాన్ని గొట్టాల వెడల్పులాగా భావించి, ప్రవాహం ఎక్కడ ఇరుకవుతుందో చూశాడు. ఆయనకి తప్పింది ఒక్కడే, ఆ 9వ సభ్యుడే. కారణం కూడా ఆయనే రాశాడు. అతను అధ్యక్షుడి పక్షమే, కాకపోతే అంత గట్టిగా కాదు. బ్లాక్ బెల్టు పరీక్షకు మూడు వారాలే ఉంది. శిక్షకుణ్ణి విడిస్తే ఏళ్ళ తరబడి సంపాదించిన స్థాయి వదులుకోవాలి. అంచేత అటు వెళ్ళాడు.

ఈ పద్ధతి క్లబ్బులతో ఆగలేదు. ఫొటోలో చుక్కచుక్కనూ పక్క చుక్కలతో పోలిక కొద్దీ కలిపి, మనిషిని వెనక గోడనుంచి విడదీయడానికి జియాన్‌బో షి, జితేంద్ర మాలిక్ 2000లో ప్రకటించిన వ్యాసంలో దీన్నే వాడారు. ఒంటరి చుక్క విడిపోయే పాత చిక్కు రాకుండా, తెగిన గీతల్ని ప్రతి ముక్కకూ ఉన్న మొత్తం గీతలతో భాగించారు. రెండుకు మించి గుంపులు కావాలంటే తరువాతి సదిశల్ని కూడా తీసుకుంటాం. అప్పుడు ఒక్కొక్కరికీ ఒక అంకెకు బదులు కొన్ని అంకెలు వస్తాయి. వాటిని బట్టి దగ్గరివాళ్ళను ఒకచోట చేరుస్తాం.

మిత్రులారా, ఒక్క మాట. చీల్చమంటే ఈ లెక్క ఏ గ్రాఫునైనా చీలుస్తుంది. ఐక్యంగా ఉన్న తరగతిని ఇచ్చినా రెండు ముఠాలు చేసి చూపిస్తుంది. కాబట్టి ముందు రెండో మూలం ఎంతో చూడాలి, సున్న దగ్గర ఎందరున్నారో చూడాలి. ఎవరు ఏ గుంపువాళ్ళో యంత్రాన్ని అడిగి మనుషుల మీద నిర్ణయాలు తీసుకునే ఈ రోజుల్లో ఇది మరీ గుర్తుంచుకోవాలి. పట్టీలో ఎక్కినవి స్నేహాలు మాత్రమే. మూడు వారాల్లో ఉన్న పరీక్ష ఏ మాత్రికలోనూ ఎక్కలేదు. అది తెలియాలంటే వెళ్ళి ఆ మనిషిని అడగాల్సిందే.