నూతన సహస్రాబ్ది యేనాడు ప్రారంభమైనది?

తెలుగువారు రాయవేలూరని పిలుచుకొను వేలూరులో, 2000 జనవరి 1వ తేదీన, చర్చీలలో కొత్త యేటి ప్రార్థనలు జరుగుచుండగా, మసీదులను ఆశ్రయించినవారికి హిజరీ 1420 రంజాను ఉపవాసదీక్ష నడుచుచుండెను. తమిళుల ముంగిళ్ళలో మార్గళి ముగ్గులు పరచుకొనియుండెను. కౌండిన్యనదీ తీరమున, చేనేత లుంగీలకు పేరువడిన గుడియాత్తములో, తెలుగు పంచాంగము చూచుకొను గృహస్థునకు అది ప్రమాథినామ సంవత్సర మార్గశిర బహుళపక్షము మాత్రమే, ఉగాదికి ఇంకను మూడు నెలలకు పైగా వ్యవధి కలదు. ఇన్ని కాలగణనలు ఒకే వీధిలో కాపురముండు ఈ సీమలో నిలిచి, లోకమంతయు అప్పుడు వాదులాడుకొనిన ప్రశ్నను విచారించుట ఉచితము: కొత్త సహస్రాబ్ది 2000తో మొదలైనదా, 2001తోనా?

ఈ చిక్కునకు మూలము క్రీ.శ. 525లో కలదు. రోమునగరమున నివసించిన డయొనీసియస్ ఎక్సిగువస్ అను సన్యాసి, ఈస్టరు పండుగ తిథులను గుణించుచు, క్రీస్తు జననము మొదలు ఏండ్లు లెక్కించు పద్ధతిని ప్రవేశపెట్టెను. రోమను అంకెలలో సున్నకు తావు లేదు. కనుక క్రీస్తు పూర్వము 1వ సంవత్సరము ముగియగానే క్రీస్తు శకము 1వ సంవత్సరమే వచ్చినది. నడుమ సున్న సంవత్సరము లేదు. ఒకటితో మొదలైన వేయి యేండ్లు 1000 సంవత్సరాంతమున గాని నిండవు, రెండువేల యేండ్లు 2000 డిసెంబరు 31న గాని నిండవు. ఇంతకును హేరోదు రాజు క్రీ.పూ. 4లోనే మరణించెనని చరిత్రకారులలో పెక్కుమంది యనుటచే, ఆ రాజు బ్రతికియుండగా జన్మించిన క్రీస్తునకు రెండువేల యేండ్లు ఎవ్వరును గమనింపకయే 1990ల నడుమనే నిండిపోయినవనవలెను.

డయొనీసియస్సునకు సరిగా ఇరువదియారేండ్లు ముందు, 499లో, మన ఆర్యభటుడు తన వయస్సును తెలుపుచు, కలియుగమున అరువది అరువదులు, అనగా 3,600 సంవత్సరములు, గడచిన నాటికి తనకు ఇరువదిమూడేండ్లు నిండినవని చెప్పెను. ఆయన లెక్కించినది గడచిన యేండ్లను, నడుచుచున్న యేటిని కాదు. పంచాంగకర్తలు నేటికిని వ్రాయు గతకలి అట్టిదే. మొదటి యేడు నడుచుచున్నంతకాలము గడచినవి సున్న; అది నిండిన పిదపనే ఒకటి. ఐడా స్కడరు 1900లో ఒక్క పడకతో ప్రారంభించిన వేలూరు ఆసుపత్రికి 2000లో నూరేండ్లు నిండినవని చెప్పుకొనుటలో ఎవ్వరికిని సందేహము కలుగలేదు, అచ్చట లెక్కించినది నిండిన యేండ్లను గనుక. క్రీస్తు శకము వరుససంఖ్య, గతకలి నిండిన సంఖ్య. ఈ భేదము మరచుటయే వివాదమంతటికిని కారణము.

2000 పక్షమువారికి ఒక మంచి చుట్టము లేకపోలేదు. వేలూరునకు నైరుతి దిశగా జవ్వాదికొండలలో, కావలూరున, హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు పేరిట వెలసిన వేధశాల కలదు. 1986లో ప్రారంభమైన దాని పెద్ద దూరదర్శిని అద్దము వ్యాసము 2.34 మీటర్లు. ఖగోళశాస్త్రజ్ఞులు తమ గణనలలో క్రీ.పూ. 1ని సున్న సంవత్సరమనియే వ్రాసికొందురు. జాక్ కస్సీని 1740లో నెలకొల్పిన ఆచారమిది. ఆ లెక్కనుబట్టి 2000ను మొదటి యేడనవచ్చును. కాని జనసామాన్యము వాడునది ఆ లెక్క కాదు. ఆ మాటకు వచ్చినచో అర్ధరాత్రియు నిలకడైనది కాదు: మన ప్రామాణిక కాలమునకు ఆధారము 82½ డిగ్రీల రేఖాంశము, వేలూరు దానికి పడమరగా మూడు డిగ్రీలకు పైగా దూరమున నున్నది, కనుక గడియారము పండ్రెండు కొట్టిన సుమారు 13 నిమిషములకు గాని ఈ ఊరి నడిరేయి రాదు!

ఇక సహస్రాబ్దితో ఏమి సంభవించునోయను భయము సంగతి. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడును, 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి నాడును ప్రళయము తప్పదని దేశము వణికినది; ఏమియు జరుగలేదు. 2000 నాటి భయము మాత్రము ఆకాశమునుండి ఊడిపడినది కాదు, మనము చేసికొన్నదే: కంప్యూటర్లలో సంవత్సరమును రెండంకెలతో పొదుపుగా వ్రాసికొనుటచే 00 అనగా 1900 అని యంత్రము భ్రమించునేమోయని సంస్థలు తల్లడిల్లినవి. ఆ దోషమును దిద్దుటకై తెలుగు యువకులు పెక్కండ్రు అమెరికాకు విమానమెక్కిరి. వారిలో అనేకులు అచ్చటనే స్థిరపడిరి. సహస్రాబ్ది తెలుగువారికి తెచ్చిన నిజమైన మార్పు ఇదియని నా అభిప్రాయము. అట్టి గండమే మరియొకటి 2038 జనవరి 19న కలదు. కాలమును 32 బిట్లలో సెకనులుగా లెక్కించు పాత యంత్రముల లెక్క ఆనాడు పొంగిపోవును.

కాబట్టి తీర్పు 2001 జనవరి 1 వైపే. ఈ సహస్రాబ్ది 3000 డిసెంబరు 31న ముగియును. మన గతకలి ఆరువేలు నిండుట మాత్రము దానికంటె నూరేండ్లకు పైగా ముందుగా, 2899 ఉగాదికి.