రైలు బొమ్మల ప్రదర్శనకు వెళ్లాలా? మైళ్లు, గంటలు, అంగుళాల లెక్క

మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరి చివరి వారాంతంలో శని, ఆదివారాలు నమూనా రైళ్ల ప్రదర్శన జరుగుతుంది. ఆమ్‌హర్స్ట్ రైల్వే సొసైటీ దీన్ని నిర్వహిస్తుంది. రైళ్ల అభిమానులు మాత్రం ‘స్ప్రింగ్‌ఫీల్డ్ షో’ అనే అంటారు. అమెరికాలో ఈ తరహా ప్రదర్శనల్లో పెద్ద పేరున్నది ఇది. నాలుగు భవనాల్లో కలిపి సుమారు 4 లక్షల చదరపు అడుగులు, అంటే 9 ఎకరాలకు పైగా స్థలం కప్పు కిందే ఉంటుంది. రెండు రోజుల్లో 20 వేలమందికి పైగా వస్తారు. పెద్దల టికెట్ ఇటీవలి ఏళ్లలో 15 డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటోంది. పెద్దవాళ్లతో వచ్చే 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.

హార్ట్‌ఫర్డ్, బోస్టన్, న్యూజెర్సీల్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో రైళ్ల పిచ్చి ఉన్న పిల్లవాడో, వాడికన్నా ఎక్కువ పిచ్చి ఉన్న నాన్నో ఉంటే డిసెంబరు నుంచే ప్రశ్న మొదలవుతుంది: వెళ్దామా, వద్దా? టికెట్ ధర చూస్తే వెళ్లిపోవచ్చనిపిస్తుంది. కానీ మొత్తం ఖర్చులో టికెట్ వాటా చాలా చిన్నది.

ముందు దారి ఖర్చు చూద్దాం. కారు ఖర్చంటే గ్యాస్ ఒక్కటే అనుకుంటాం. టైర్ల అరుగుదల, బీమా, కారు విలువలో తరుగు కూడా కలిపి వ్యాపార ప్రయాణాలకు అమెరికా పన్నుల శాఖ 2025కి కట్టిన లెక్క మైలుకు 70 సెంట్లు. హార్ట్‌ఫర్డ్ నుంచి వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పోనూ రానూ సుమారు 52 మైళ్లు, అంటే 36 డాలర్లు. బోస్టన్ నుంచి దాదాపు 180 మైళ్లకు 126 డాలర్లు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి సుమారు 330 మైళ్లకు 231 డాలర్లు, టోళ్లు కాకుండానే. ఇద్దరు పెద్దల టికెట్లకు 30, పార్కింగ్‌కూ నలుగురి మధ్యాహ్న భోజనానికీ 50 వేసుకుంటే హార్ట్‌ఫర్డ్ కుటుంబానికి 116, బోస్టన్ వాళ్లకు 206, ఎడిసన్ వాళ్లకు 311 డాలర్లు అవుతుంది.

దీన్ని గంటల మీద పంచాలి. పిల్లలతో వెళ్లినవాళ్లు లోపల ఐదు గంటలు గడపగలరు, అంతకు మించితే కాళ్లు మొరాయిస్తాయి. నలుగురికి ఐదు గంటలంటే 20 గంటల వినోదం. హార్ట్‌ఫర్డ్ వాళ్లకు తలకు గంటకు దాదాపు 6 డాలర్లు పడుతుంది. 15 డాలర్ల టికెట్‌తో రెండున్నర గంటల సినిమా చూసినా ఇంతే. బోస్టన్ వాళ్లకు 10 దాటుతుంది, ఎడిసన్ వాళ్లకు 15 దాటుతుంది. ఎడిసన్ వాళ్లు వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు కారులోనే ఉంటారు. లోపల గడిపేది ఐదు గంటలైతే దారిలో గడిపేది ఆరు. నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను: దారిలో పట్టే సమయం ప్రదర్శనలో గడిపే సమయాన్ని మించితే ఒక్కరోజు ప్రయాణం వద్దు. రాత్రి అక్కడ ఉండి రెండో రోజు కూడా చూడాలి, లేదా ఆ ఏడాదికి మానుకోవాలి.

‘వస్తువులు చవకగా దొరుకుతాయి కదా, ఖర్చు అక్కడే రాబట్టుకోవచ్చు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. శబ్దం చేసే, డిజిటల్ నియంత్రణ ఉన్న కొత్త ఇంజను 300 డాలర్లు అనుకుందాం. పది శాతం తగ్గింపు దొరికితే 30 డాలర్లు మిగులుతాయి. ఎడిసన్ నుంచి వచ్చినవాళ్లకు దారి ఖర్చు ఒక్కటీ రావాలన్నా ఇలాంటివి ఎనిమిది కొనాలి. ఎనిమిది ఇంజన్లంటే 2,160 డాలర్లు. దాన్ని ఆదా అనలేం. పాత వ్యాగన్ల మీద ఒక్కోదానికి 15 డాలర్లు మిగిలినా పదహారు కొంటే గానీ దారి ఖర్చు తేలదు. దగ్గర్లో ఉన్నవాళ్లు కొనుగోళ్లకు వెళ్లొచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్లు చూడటానికీ, అడిగి తెలుసుకోవడానికీ వెళ్లాలి.

చూడటానికి అక్కడ ఉన్నది మామూలు సరుకు కాదు. ఒక్కసారైనా వెళ్లమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మొదటిది స్కేల్. నమూనా రైళ్లకు కొలతలు స్థిరంగా ఉంటాయి. అమెరికాలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేల్‌లో అసలు రైలు 87 వంతుల్లో ఒక వంతు అవుతుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ స్కేల్ 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఓ స్కేల్ 1:48, అక్కడ 32 మిల్లీమీటర్లు. కాగితం మీద ఈ అంకెలు ఏమీ చెప్పవు. ఒక అపార్ట్‌మెంట్ గదిలో ఏ స్కేల్ పెట్టుకోవాలో తేల్చుకోవడానికి మూడింటినీ పక్కపక్కన, నడుస్తుండగా చూడాలి. హెచ్‌ఓ మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ పలక తెచ్చి దాని మీద 18 అంగుళాల వ్యాసార్ధంతో మలుపు వేస్తారు. తర్వాత మోజుపడి 85 అడుగుల ప్రయాణికుల పెట్టె కొంటారు. హెచ్‌ఓలో దాని పొడవు 11.7 అంగుళాలు. అంత ఇరుకైన మలుపులో దాని నడుము లోపలికీ కొసలు బయటికీ పొడుచుకొస్తాయి, చాలా పెట్టెలైతే పట్టాలే తప్పుతాయి. ఈ సంగతి కొన్నాక తెలిస్తే వందల డాలర్ల నష్టం. ప్రదర్శనలో పది నిమిషాలు నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

రెండోది పొడవు. రైల్వే గేటు దగ్గర నిలబడి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టిన బాల్యం కాజీపేట వాళ్లకీ బెజవాడ వాళ్లకీ బాగా తెలుసు. 60 వ్యాగన్ల అమెరికా గూడ్సు బండిని హెచ్‌ఓలో కడితే సుమారు 38 అడుగులు వస్తుంది. మన 24 ఎల్‌హెచ్‌బీ పెట్టెల ఎక్స్‌ప్రెస్ అయితే ఇంజను కాకుండా 6.6 మీటర్లు. ఏ ఇంట్లో పడుతుంది? క్లబ్బుల సభ్యులు తలా ఒక మాడ్యూల్‌ను (పట్టాలు వేసిన బల్ల ముక్కను) ఇంట్లో తయారుచేసుకొని, హాల్లో వాటిని ఒకదానికొకటి బిగించి వందల అడుగుల దారి వేస్తారు. నిండు పొడవు గూడ్సు బండి నిజంగా వెళ్లినట్టు వెళ్లేది ఇక్కడే. వేగాన్నీ గమనించండి. గంటకు 100 కిలోమీటర్ల అసలు వేగం హెచ్‌ఓలో సెకనుకు 32 సెంటీమీటర్లు మాత్రమే. అంటే 38 అడుగుల బండి మీ ముందు నుంచి పూర్తిగా వెళ్లడానికి 36 సెకన్లు పట్టాలి. పది సెకన్లలో దాటిపోతే అది నడిపేవాళ్ల తొందర. ఓపిగ్గా నడిపే క్లబ్ కనబడితే ఆగండి, మాట్లాడండి. వాళ్లు చెప్పినంత వివరంగా ఏ దుకాణదారూ చెప్పడు.

వందే భారత్ కోసం మాత్రం ఆశపడకండి. ఇది ప్రధానంగా అమెరికా రైళ్ల లోకం. పైగా మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంగట్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. మన ఇంజను నమూనా ఆ పట్టా మీద నడిస్తే కింద దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకుగా ఉన్నట్టే. సికింద్రాబాద్ స్టేషన్ కట్టాలని కలగనేవాళ్లు ఈ తేడాతో ముందే రాజీపడాలి.

పాత వస్తువులు కొనేవాళ్లకు పనికొచ్చే అంకె ఒకటి చెబుతాను. 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ పెట్టె బరువు ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. 40 అడుగుల బాక్స్‌కార్ ఈ స్కేల్‌లో 5.5 అంగుళాలు. అంటే 3.75 ఔన్సులు, దాదాపు 106 గ్రాములు. జేబులో పట్టే చిన్న తూకం తీసుకెళ్లండి. 70 గ్రాములే తూగితే పొడవాటి బండి మధ్యలో పెట్టినప్పుడు పట్టా తప్పే ప్రమాదం ఎక్కువ, బరువు కలుపుకోవాలి. పాత ఇంజను అయితే నడిపి చూపించమని అడగండి. నడిపించని ఇంజనుకు మరమ్మతు ఖర్చు తీసేశాకే ధర చెప్పండి.

4 లక్షల చదరపు అడుగులను ఎనిమిది గంటల్లో చూడాలంటే నిమిషానికి 833 చదరపు అడుగులు దాటాలి. అది చూడటం కాదు, పరుగెత్తడం. అందుకే నాలుగు భవనాలూ ఒకే రోజు పూర్తిచేయాలని పెట్టుకోకండి. మీ స్కేల్‌కు చెందిన లేఅవుట్లు, అమ్మకపు బల్లలు ఎక్కడున్నాయో పటంలో గుర్తుపెట్టుకొని అక్కడి నుంచి మొదలుపెట్టండి. జెడ్, ఎస్ లాంటి అరుదైన స్కేళ్ల వాళ్లకు ఇది మరీ ముఖ్యం, 9 ఎకరాల్లో వాళ్లకు పనికొచ్చేది కొద్ది బల్లలే. పాత సరుకులో మంచివి శనివారం పొద్దున్నే పోతాయి. ఆదివారం సాయంత్రం మిగిలినవాటిని తిరిగి మోసుకెళ్లడం ఇష్టంలేని అమ్మకందారులు బేరానికి దిగుతారు. భవనం మారాలంటే చలిలో బయటికి రావాలి, పిల్లల కోట్లు కారులో వదిలేయకండి. మంచు తుపాను హెచ్చరిక ఉంటే ఇన్ని లెక్కలూ పక్కనపెట్టి ఇంట్లో ఉండండి.

నా తీర్పు ఇది. హార్ట్‌ఫర్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ చుట్టుపక్కల వాళ్లు ఏటా వెళ్లొచ్చు. బోస్టన్ వాళ్లు ఐదు గంటలు గడపగలిగితే వెళ్లాలి. న్యూజెర్సీ వాళ్లు స్కేల్ ఎంచుకోవడం లాంటి పెద్ద నిర్ణయం ముందున్న ఏడాది, ఒక రాత్రి బస పెట్టుకొని వెళ్లాలి. మిగతా ఏళ్లలో మీ కౌంటీలో స్కూలు జిమ్‌లోనో ఫైర్‌హౌస్ హాల్లోనో జరిగే చిన్న ప్రదర్శన చాలు. అరగంట దూరంలో గంటన్నర ఆనందం దొరుకుతుంది. ఆమ్‌హర్స్ట్ సొసైటీ తేదీలు, టికెట్ ధరలు ముందే ప్రకటిస్తుంది. బయల్దేరే ముందు ఆ ఏడాది అంకెలతో ఈ లెక్క మీరే ఒకసారి వేసుకోండి.