రాయపర్తి చోరీ: దొంగల సినిమాలు చెప్పని సంగతులు

అపోహ: బ్యాంకు దొంగలంటే మాస్కులు, తుపాకులు, పట్టపగలే బెదిరింపులు.

2024 నవంబరు 18 రాత్రి వరంగల్ జిల్లా రాయపర్తి ఎస్‌బీఐలో ఇవేవీ లేవు. జనగామ జిల్లా పాలకుర్తికీ, మహబూబాబాద్ జిల్లా తొర్రూరుకీ దగ్గర్లోని మండల కేంద్రం అది. దొంగలు కిటికీ ఊచలు తీసి లోపలికి దూరారు. అలారం, సీసీ కెమెరాలు పనిచేయకుండా చేశారు. గ్యాస్ కట్టర్‌తో లాకర్లు కోశారు. పోతూ పోతూ కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ కూడా పట్టుకుపోయారు. తెల్లారి సిబ్బంది వచ్చేదాకా సంగతి బయటపడలేదు.

అపోహ: పోయేది బ్యాంకు సొమ్ము, జనానిది కాదు.

ముఠా సినిమాలు మన చేత చప్పట్లు కొట్టించేది ఈ మాట మీదే. మనీ హైస్ట్ సిరీస్‌లోని దొంగలైతే టంకశాలలో దూరి తామే నోట్లు అచ్చేసుకుంటారు, ఎవరి సొమ్మూ ముట్టలేదంటారు. రాయపర్తిలో పోయింది దాదాపు 19 కిలోల బంగారం. విలువ 13 కోట్ల రూపాయల పైమాటే. అదంతా దాదాపు 500 మంది కుదువపెట్టిన నగలు. మన దిక్కు రైతులు వానాకాలం పెట్టుబడికి ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువపెడతారు, పత్తి, వడ్లు అమ్మినంక విడిపిస్తారు. చోరీ జరిగింది సరిగ్గా పంట చేతికొచ్చే రోజుల్లో. ఆ నగలను దొంగ గ్రాముల్లోనే లెక్కేస్తాడు. పెళ్లినాటి గొలుసు పోయిన ఇల్లాలికి ఏ లెక్కా సరిపోదు. అందుకే ఆ చప్పట్లు నాకు మింగుడుపడవు.

అపోహ: కుదువ బంగారం పోతే లాకర్ రూల్సే వర్తిస్తాయి.

రెండూ వేరు. మనం అద్దెకు తీసుకున్న లాకర్లో ఏం దాచామో బ్యాంకుకు తెలియదు. అందుకే 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చోరీ జరిగితే బ్యాంకు బాధ్యతను ఏడాది అద్దెకు 100 రెట్లుగా పెట్టాయి. కుదువ నగ సంగతి అలా కాదు. అప్రైజర్ గీటురాయి మీద గీసి చూస్తాడు, రాళ్ల బరువు తీసేసి నికర బరువు రాస్తాడు, ప్యాకెట్‌కు సీలు పడుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా బ్యాంకు దాన్ని కాపాడాలి. ఆ 100 రెట్ల పరిమితి దీనికి లేదు. డిపాజిట్లకు కూడా ఢోకా లేదు. చోరీ జరిగినంత మాత్రాన మీ ఖాతాలోని డబ్బు తగ్గదు.

అపోహ: లోపలివాళ్ల చెయ్యి లేనిదే ఇంత పని జరగదు.

రాయపర్తికి వచ్చింది ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల ముఠా అనీ, హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, గూగుల్‌లో బ్యాంకులు వెతికారనీ పోలీసులు చెప్పారు. అంతకు నెల ముందు, అక్టోబరులో కర్ణాటకలోని న్యామతి ఎస్‌బీఐలో 17 కిలోల పైచిలుకు బంగారం పోయింది. అక్కడ దొరికింది లోన్ రాలేదని కక్ష పెంచుకున్న స్థానిక వ్యాపారి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడట. ముందే ఒకరి మీద వేలెత్తి చూపితే అమాయక ఉద్యోగులు నలిగిపోతారు.

అపోహ: దొంగ దొరికితే నగ దొరికినట్టే.

డిసెంబరులో ముఠాలో ముగ్గురిని అరెస్టు చేసినప్పుడు దొరికింది రెండున్నర కిలోలే. మిగతాది వాటాలు వేసుకుని తలోదిక్కు పోయారు. దొరికిన నగ కూడా నేరుగా ఇంటికి రాదు, కోర్టు అనుమతి కావాలి. అది మీదేనని చూపేది కుదువ రశీదే. రశీదు తీసుకునేటప్పుడే బరువు, క్యారెట్, నగల వివరం సరిగా రాశారో లేదో చూసుకోండి. నగను ఇచ్చే ముందు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.